అన్నవాహిక తొలిదశ క్యాన్సర్‌కు క్రయోథెరపీ: తరచుగా అడిగే ప్రశ్నలు

అన్నవాహిక లోపలి పొరలో మొదలైన క్యాన్సర్‌ను కోత లేకుండా, ఎండోస్కోప్ గుండా విపరీతమైన చలి తగిలించి గడ్డకట్టించి చంపే చికిత్స ఇది. దీని గురించి రోగులు, ఇంట్లోవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు కింద జవాబులున్నాయి. మొదలుపెట్టే ముందు ఒక్క మాట. క్రయోథెరపీలో చచ్చిన కణజాలం లోపలే ఉండిపోయి మెల్లగా రాలిపోతుంది. ముక్కను మైక్రోస్కోపు కింద చూసే పాథాలజిస్టు చేతికి ఏదీ రాదు. అంటే క్యాన్సర్ ఎంత లోతు దిగింది, అంచులు శుభ్రంగా వచ్చాయా అన్నది చికిత్స అయ్యాక తేల్చే వీలు లేదు. అందుకే గడ్డకట్టించే ముందు చేసే పరీక్షలు, ఆ తర్వాత ఏళ్ల తరబడి చేయించుకునే ఎండోస్కోపీలు చికిత్సతో సమానంగా ముఖ్యమైనవి. కింది జవాబుల్లో సగం చివరికి ఈ విషయం దగ్గరికే వస్తాయి.

చలితో క్యాన్సర్ కణాలు ఎలా చస్తాయి?

రెండు దెబ్బలు తగులుతాయి. మొదటిది అప్పటికప్పుడు తగిలేది. చలి వేగంగా తగిలితే కణం లోపలి నీరు మంచు స్ఫటికాలుగా మారి పొరలను చీల్చేస్తుంది. కణాల చుట్టూ ఉన్న నీరు ముందు గడ్డకడితే, లోపలి నీరు బయటికి లాగేసినట్టయి కణం ఎండిపోతుంది. కరిగేటప్పుడు నీరు ఒక్కసారిగా లోపలికి దూరి కణం ఉబ్బి పగులుతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీసిన టమాటా కరిగాక చూడండి, ఆకారం ఉంటుంది గానీ లోపల గుజ్జైపోతుంది. అదే సంగతి.

రెండో దెబ్బ ఆ తర్వాతి గంటల్లో, రోజుల్లో తగులుతుంది. చిన్న రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, రక్తం గడ్డకట్టి, ఆ ప్రాంతానికి రక్త సరఫరా ఆగిపోతుంది. గడ్డకట్టినప్పుడు బతికి బయటపడ్డ కణాలు కూడా ఇలా ఆకలితో చస్తాయి.

కణాలు నిక్కచ్చిగా చావాలంటే కణజాలం మైనస్ 40 డిగ్రీల చుట్టుపక్కలకు దిగాలి. వేగంగా గడ్డకట్టడం, నిదానంగా కరగడం, మళ్లీ గడ్డకట్టడం: ఈ మూడూ కలిస్తేనే ఫలితం. ఒకే విడత ఎక్కువసేపు చల్లడం దీనికి సాటిరాదు.

ఇంకో లాభం ఉంది. కణాలు చచ్చినా వాటిని పట్టి ఉంచే కొల్లాజెన్ అల్లిక చలికి పెద్దగా చెడిపోదు. గోడ ఆకారం నిలబడి, దాని మీద కొత్త పొర పెరుగుతుంది.

పరికరాలు ఏమేం ఉన్నాయి?

ప్రధానంగా రెండు. మొదటిది ద్రవ నైట్రోజన్ స్ప్రే. ట్రూఫ్రీజ్ అన్న పేరుతో అమెరికాలో ఎక్కువగా వాడేది ఇదే. మైనస్ 196 డిగ్రీల ద్రవాన్ని తక్కువ పీడనంతో సన్నని కెథెటర్ ద్వారా నేరుగా కణజాలం మీద చల్లుతారు. ఆ ద్రవం లోపల వాయువుగా మారి వ్యాకోచిస్తుంది. అన్నవాహికలో ఈ పద్ధతి మీద తొలి ప్రయోగాత్మక అధ్యయనం 2005లో వెలువడింది. అమెరికాలోని బెథెస్డా నౌకాదళ వైద్య కేంద్రంలో బారెట్స్ అన్నవాహిక (ఆమ్లం ఎగదన్నడం వల్ల లోపలి పొర మారిపోయిన స్థితి) ఉన్నవారి మీద చేశారు.

రెండోది క్రయోబెలూన్. ఎండోస్కోప్ గుండా చిన్న బెలూన్ పంపి, లోపల ఉబ్బించి, అందులోకి నైట్రస్ ఆక్సైడ్ వదులుతారు. బెలూన్ గోడకు ఆనుకున్న చోట చలి తగులుతుంది. ఉష్ణోగ్రత మైనస్ 85 డిగ్రీల దగ్గర ఉంటుంది. వాడిన వాయువు బెలూన్ లోంచే వెనక్కి బయటికి పోతుంది కాబట్టి కడుపు ఉబ్బే బెడద లేదు. అయితే గోడకు సరిగ్గా ఆనితేనే పని జరుగుతుంది. ఎగుడుదిగుడు కణితి మీద, వంపు తిరిగిన చోట స్ప్రేకు ఉన్న సౌలభ్యం దీనికి లేదు.

కార్బన్ డయాక్సైడ్‌తో పనిచేసే స్ప్రే ఒకటి ఉండేది. ఇప్పుడు పెద్దగా వాడుకలో లేదు.

రిపోర్టులో 'టీ1ఏ', 'టీ1బీ' అని రాశారు. తేడా ఏమిటి?

మొత్తం నిర్ణయం ఈ ఒక్క అక్షరం మీద తిరుగుతుంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

అన్నవాహిక గోడలో లోపలి నుంచి బయటికి వస్తే మొదట మ్యూకోసా, దాని కింద సబ్‌మ్యూకోసా, ఆ తర్వాత కండర పొర ఉంటాయి. క్యాన్సర్ మ్యూకోసా దాటకపోతే టీ1ఏ. సబ్‌మ్యూకోసాలోకి దిగితే టీ1బీ. కండరాన్ని తాకితే టీ2.

సబ్‌మ్యూకోసాలో లింఫు నాళాలు దట్టంగా ఉంటాయి. క్యాన్సర్ అక్కడికి చేరిందంటే లింఫు గ్రంథులకు పాకే దారి దొరికినట్టే. బారెట్స్ నుంచి పుట్టిన అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ టీ1ఏ దశలో ఉంటే గ్రంథులకు పాకి ఉండే అవకాశం 1 నుంచి 2 శాతం. టీ1బీలో లోతును బట్టి అది 20 శాతం, అంతకు మించి కూడా వెళ్తుంది. క్రయోథెరపీ గోడ లోపలి కణితిని చంపగలదు గానీ, గోడ బయట గ్రంథిలో కూర్చున్న కణాలను తాకలేదు. టీ1బీకి చాలామందికి ఆపరేషన్ ఎందుకు చెబుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

టీ1ఏ అని తేలితే నేరుగా గడ్డకట్టించేయొచ్చు కదా?

చాలా సందర్భాల్లో కాదు. ముందు అడగాల్సింది ఆ 'టీ1ఏ' ఎలా తేలింది అని.

బయాప్సీ ఫోర్సెప్స్‌తో తీసే ముక్క చాలా చిన్నది, పైపైన వస్తుంది. క్యాన్సర్ ఉందని చెబుతుంది, ఎంత లోతు ఉందో చెప్పదు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గ్రంథులను చూడటానికి బాగా పనికొస్తుంది గానీ, టీ1ఏ, టీ1బీల మధ్య గీత గీయడంలో తరచూ తప్పుతుంది. సీటీ, పెట్ సీటీ లోతు సంగతి చెప్పవు. దూరంగా పాకిందా అన్నది చూడటానికే అవి.

లోతు ఖాయంగా తెలియాలంటే కనిపిస్తున్న గడ్డను, మచ్చను ఎండోస్కోప్ ద్వారా సబ్‌మ్యూకోసాతో సహా లేపి తీయాలి. దీన్ని ఈఎంఆర్ అంటారు. పెద్ద భాగాన్ని ఒకే ముక్కగా తీస్తే ఈఎస్‌డీ. ఆ ముక్క మీద పాథాలజిస్టు నాలుగు విషయాలు రాయాలి: లోతు, అంచుల్లో క్యాన్సర్ ఉందా లేదా, కణాల గ్రేడు, రక్తనాళాల్లోకి గానీ లింఫు నాళాల్లోకి గానీ చొరబడిందా. నాలుగింటిలో ఏ ఒక్కటి రిపోర్టులో లేకపోయినా అడిగి రాయించుకోండి.

కొన్నిసార్లు ఆ తీయడంతోనే చికిత్స పూర్తవుతుంది. బారెట్స్ ఉన్నవారిలో చుట్టూ మిగిలిన చెడిన పొరను చంపడానికి ఆ తర్వాత ఆర్‌ఎఫ్‌ఏ (వేడితో పైపొరను కాల్చే పద్ధతి) గానీ క్రయో గానీ చేస్తారు. చదునుగా లేని గడ్డను ముక్క తీయకుండా గడ్డకట్టించేద్దామని ఎవరైనా అంటే, ఎందుకు తీయలేమో గట్టి కారణం చెప్పమనండి. కారణాలు ఉండొచ్చు, కానీ చెప్పాలి.

అయితే క్రయో ఎవరికి పనికొస్తుంది?

ఎక్కువగా ఈ నాలుగు రకాల వారికి:

- ఈఎంఆర్, ఈఎస్‌డీ చేయలేని చోట కణితి ఉన్నవారు. ఉదాహరణకు పాత మచ్చ వల్ల కణజాలం కిందికి అతుక్కుపోయి, ఇంజెక్షన్ ఇచ్చినా పైకి లేవకపోతే.
- ఆర్‌ఎఫ్‌ఏ పలుమార్లు చేసినా చెడిన పొర మిగిలిపోయినవారు.
- గుండె, ఊపిరితిత్తుల జబ్బుల వల్లో, వయసు వల్లో అన్నవాహిక తీసే పెద్ద ఆపరేషన్ తట్టుకోలేనివారు. టీ1బీ ఉన్నా ఆపరేషన్ వద్దన్నవారు కూడా ఇందులోకే వస్తారు. వీరికి గ్రంథుల రిస్కు ముందే విడమరిచి చెప్పాలి.
- కీమో, రేడియేషన్ తర్వాత అదే చోట పైపొరలో చిన్నగా తిరగబెట్టినవారు.

ఒంట్లో సత్తువ ఉండి, గడ్డ తేలిగ్గా తీయగలిగేలా ఉన్న మనిషికి క్రయో మొదటి ఎంపిక కాదు. ముక్క చేతికొచ్చే పద్ధతి ఉండగా రాని పద్ధతి ఎంచుకోవడంలో అర్థం లేదు.

ఎవరికి చేయకూడదు?

గర్భిణులకు, అన్నవాహికకు చిల్లు పడినవారికి, కడుపులో ఆహారం నిలవ ఉన్నప్పుడు చేయరు. స్ప్రే పద్ధతిలో అదనంగా చూడాల్సింది వాయువు సంగతి. జీర్ణాశయం కొంత తీసేసినవారికి, బరువు తగ్గే బైపాస్ ఆపరేషన్ అయినవారికి వాయువు పరుచుకునే చోటు తక్కువ. మార్ఫాన్ సిండ్రోమ్‌లా కణజాలం బలహీనంగా ఉండే జబ్బులు ఉన్నవారిలోనూ ప్రమాదం ఎక్కువ. అలాంటి ఒక రోగికి జీర్ణాశయం చిల్లు పడిన ఉదంతం వైద్య పత్రికల్లో నమోదైంది. అన్నవాహిక ఇప్పటికే సన్నబడి ఉంటే ముందు దాన్ని వెడల్పు చేయాలి. లేదంటే వాయువు బయటికి తీసే గొట్టానికే చోటు ఉండదు. ఈఎంఆర్ చేసిన పుండు మానకముందే చల్లకూడదు. సాధారణంగా 6 నుంచి 8 వారాలు ఆగుతారు.

ఆంధ్ర, తెలంగాణల్లో వచ్చే అన్నవాహిక క్యాన్సర్‌కూ ఈ లెక్కలే వర్తిస్తాయా?

పూర్తిగా కాదు. ఇది చాలామంది పట్టించుకోని విషయం.

అమెరికాలో ఎక్కువగా కనిపించేది ఆమ్లం ఎగదన్నడం వల్ల, బారెట్స్ పొర మీద, అన్నవాహిక కింది చివర పుట్టే అడినోకార్సినోమా. క్రయో మీద వచ్చిన సమాచారంలో సింహభాగం ఆ రోగుల నుంచే వచ్చింది. మన దగ్గర ఎక్కువగా చూసేది అన్నవాహిక మామూలు పైపొర కణాల్లో పుట్టే స్క్వామస్ సెల్ కార్సినోమా. బీడీ, చుట్ట, సిగరెట్, గుట్కా, సారా, మద్యం దీనికి తెలిసిన కారణాలు. ఎక్కువగా మధ్యభాగంలో వస్తుంది. అదే లోతులో ఉన్నా అడినోకార్సినోమా కంటే ఇది గ్రంథులకు త్వరగా పాకుతుంది. మ్యూకోసా అట్టడుగు పొరను తాకితేనే ఆలోచనలో పడాల్సి వస్తుంది.

కాబట్టి స్క్వామస్ రకానికి ఈఎస్‌డీతో ఒకే ముక్కగా తీసి లోతు చూడటం మరింత అవసరం. తీసే ముందు లూగోల్స్ అయోడిన్ చల్లి చూస్తారు. మంచి పొర ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, చెడిన పొర రంగు పట్టక పాలిపోయి కనిపిస్తుంది. అంచులు అప్పుడే సరిగ్గా తెలుస్తాయి. చదునైన స్క్వామస్ మచ్చల మీద క్రయోబెలూన్‌ను చైనాలో పరీక్షించారు, ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. అయినా అమెరికా బారెట్స్ రోగుల శాతాలు చూపించి 'మీకూ ఇంతే' అంటే నమ్మకండి.

ఎంతమందికి నయమవుతుంది?

ద్రవ నైట్రోజన్ స్ప్రే మీద అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి చేసిన రెండు అధ్యయనాలను ఎక్కువగా ఉదహరిస్తారు. 2010లో వచ్చినదానిలో చికిత్స పూర్తయిన 49 మందిలో 31 మందికి అన్నవాహిక లోపల క్యాన్సర్ కనబడకుండా పోయింది. మ్యూకోసా వరకే ఉన్న 24 మందిలో 18 మందికి పోయింది. 2017లో వచ్చినదానిలో చికిత్స పూర్తయిన 86 మందిలో టీ1ఏ వారికి 76.3 శాతం, టీ1బీ వారికి 45.8 శాతం, టీ2 వారికి 6.7 శాతం మాత్రమే పూర్తి ఫలితం వచ్చింది.

ఈ అంకెలను చదివేటప్పుడు రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. ఇందులో చాలామంది ఇతర చికిత్సలు కుదరనివారు, లేదా అవి విఫలమైనవారు. తేలికైన కేసులు కావు. రెండోది, 'కనబడకుండా పోయింది' అంటే ఆ రోజు ఎండోస్కోపీలో, బయాప్సీలో దొరకలేదని. ఐదేళ్లు తిరగబెట్టకుండా ఉండటం వేరే మాట. 2010 అధ్యయనంలో రోగులను గమనించిన సగటు కాలం ఏడాది లోపే.

టీ2 అంకె చూశాక 'ముదిరినా క్రయోతో పోతుందట' అన్న మాటకు జవాబు వేరే చెప్పక్కర్లేదు.

ఆర్‌ఎఫ్‌ఏ కంటే ఇది మెరుగా?

చదునైన బారెట్స్ పొరకు ఆర్‌ఎఫ్‌ఏ మీద ఉన్నంత సమాచారం క్రయో మీద లేదు. ఆర్‌ఎఫ్‌ఏ వేడితో పైపొరను సమానంగా కాలుస్తుంది, లోతు పెద్దగా ఉండదు. ఎలక్ట్రోడు గోడకు ఆనాలి. క్రయో ఇంకా లోతుకు పోతుంది, ఎగుడుదిగుళ్ల మీదా పనిచేస్తుంది, చాలామందికి నొప్పి తక్కువ. దానికి బదులు లోతు ఎంతన్నది చల్లేవారి చేతి నేర్పు మీద ఆధారపడుతుంది. ఏ డాక్టరుకు ఏది ఎక్కువ అలవాటన్నది కూడా ఇక్కడ చిన్న విషయం కాదు.

ముందు రోజు, ఆ రోజు ఏం చేయాలి?

ఘనాహారం కనీసం 6 నుంచి 8 గంటల ముందు ఆపాలి. నీళ్లు ఎప్పటివరకు తాగొచ్చో మత్తు డాక్టరు చెబుతారు. మింగుడు పడని ఇబ్బంది ఉన్నవారికి ముందురోజంతా ద్రవాలే ఇమ్మంటారు. వాళ్లకు తిన్నది కిందికి దిగడానికి సమయం పడుతుంది.

మందుల్లో మూడు రకాలు ముందే చెప్పాలి. మొదటివి రక్తం పల్చబరిచేవి: వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఎపిక్సబాన్ లాంటివి. గుండెలో స్టెంటు ఉన్నవారు వీటిని సొంతంగా ఆపేయకూడదు. క్రయో ఒక్కటే అయితే కొన్నిసార్లు ఆపకుండానే చేస్తారు, బయాప్సీ గానీ ఈఎంఆర్ గానీ కలిస్తే లెక్క మారుతుంది. గుండె డాక్టరు, ఎండోస్కోపీ డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. రెండోవి షుగరు మందులు, ఇన్సులిన్. ఖాళీ కడుపున మామూలు మోతాదు వేసుకుంటే షుగరు పడిపోతుంది. మూడోవి బరువు తగ్గడానికి గానీ షుగరుకు గానీ వారానికోసారి తీసుకునే సెమాగ్లూటైడ్ తరహా ఇంజెక్షన్లు. ఇవి కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తాయి. ఉపవాసం ఉన్నా లోపల ఆహారం మిగిలి ఉండొచ్చు.

తోడు ఒకరు తప్పనిసరి. మత్తు దిగినట్టు అనిపించినా ఆ రోజు బండి నడపకూడదు, సంతకాలు పెట్టకూడదు.

గదిలో అసలేం జరుగుతుంది?

మత్తు ఇచ్చాక ఎండోస్కోప్ దింపి, ముందు మొత్తం చూసి, చల్లాల్సిన చోటు గుర్తిస్తారు. దంతాల నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర, గడియారపు ముల్లు లెక్కన ఎటువైపు అని రాసుకుంటారు. తర్వాతి సెషన్‌లో వెతుక్కోకుండా ఇది పనికొస్తుంది.

స్ప్రే పద్ధతిలో ఆ తర్వాతి మెట్టు వాయువు బయటికి తీసే గొట్టం. తేలిగ్గా తీసుకోకూడని భాగం ఇదే. ద్రవ నైట్రోజన్ వాయువుగా మారితే దాదాపు 700 రెట్లు వ్యాకోచిస్తుంది. 20 సెకన్ల స్ప్రేకు 6 నుంచి 8 లీటర్ల వాయువు పుడుతుంది. దానికి దారి లేకపోతే కడుపు ఉబ్బి చిరుగుతుంది. అందుకే నోటి గుండా ఒక గొట్టాన్ని జీర్ణాశయం దాకా దింపి, సక్షన్‌కు కలుపుతారు. చల్లుతున్నంతసేపూ ఒక సహాయకురాలు రోగి పొట్ట మీద చెయ్యి వేసి ఉంచుతారు. పొట్ట బిగుస్తోందని చెప్పగానే స్ప్రే ఆగాలి. గొట్టంలో శ్లేష్మం అడ్డుపడటం, గొట్టం మడతపడటం, సక్షన్ కలపడం మరిచిపోవడం: కడుపు ఉబ్బడానికి మామూలు కారణాలివి.

ఎండోస్కోప్ ఛానల్‌లోంచి కెథెటర్ కొన గోడకు దగ్గరగా వస్తుంది. పెడల్ నొక్కగానే మొదట చల్లటి వాయువు, ఆ తర్వాత ద్రవం వస్తుంది. గులాబీ రంగు గోడ మీద తెల్లటి మంచు పొర పరుచుకుంటుంది. 20 సెకన్ల లెక్క పెడల్ నొక్కినప్పటి నుంచి కాదు, అనుకున్న ప్రాంతమంతా తెల్లబడ్డాక మొదలవుతుంది. ఇక్కడ తొందరపడితే అంచుల్లో మోతాదు తగ్గి, తర్వాత క్యాన్సర్ మిగిలేది ఆ అంచుల్లోనే.

చల్లడం ఆపాక మంచు కరిగి గులాబీ రంగు పూర్తిగా తిరిగొచ్చేదాకా ఆగుతారు. కనీసం 45 సెకన్ల నుంచి నిమిషం పడుతుంది. మళ్లీ చల్లుతారు. బారెట్స్‌కు ఒక్కో చోట 2 విడతలు మామూలు. క్యాన్సర్ ఉన్నచోట 3 విడతలు కూడా చేస్తారు. చివరికి ఆ భాగం ఎర్రగా కమిలి, ఉబ్బి కనిపిస్తుంది.

పనిని చెడగొట్టే చిన్న చిన్న ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. లెన్సు మీద మంచు పట్టి ఏమీ కనబడకపోవడం తరచూ జరుగుతుంది. ఎండోస్కోప్ కొనకు పారదర్శకమైన టోపీ తొడగడం ఇందుకే. గోడ మీద శ్లేష్మం, నీరు నిలిచి ఉంటే అవి గడ్డకట్టి కింది కణజాలాన్ని కాపాడేస్తాయి, ముందే పీల్చేయాలి. చలికి బిరుసెక్కిన కెథెటర్‌ను వెంటనే లాగకూడదు, మెత్తబడేదాకా ఆగాలి. గదిలో గాలి ఆడాలి. నైట్రోజన్‌కు రంగు, వాసన ఉండవు, మూసిన గదిలో పేరుకుంటే ఆక్సిజన్ శాతం తెలియకుండానే పడిపోతుంది.

చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్లిపోతారు.

ఎన్నిసార్లు చేయించుకోవాలి?

ఒక్కసారితో అయిపోతుందని అనుకోవద్దు. 2017 అధ్యయనంలో 88 మందికి మొత్తం 359 సెషన్లు జరిగాయి, అంటే మనిషికి నాలుగుకు పైనే. సెషన్ల మధ్య సాధారణంగా 4 నుంచి 8 వారాలు ఆగుతారు. పుండు మానితేనే ఏది కొత్త పొరో, ఏది మిగిలిన క్యాన్సరో తెలుస్తుంది. రెండు మూడు సెషన్లకూ గడ్డ తగ్గకపోతే అదే పని కొనసాగించడం కాదు, లోతు అంచనా తప్పిందేమోనని మళ్లీ మొదటి నుంచి చూడాలి.

తర్వాత ఏం తినాలి?

మొదటి 24 గంటలు పల్చటి ద్రవాలు: కొబ్బరినీళ్లు, వడకట్టిన గంజి, పల్చటి మజ్జిగ, చారు నీళ్లు. చారులో మిరియం, కారం వద్దు. తర్వాత కొద్దిరోజులు రాగిజావ, పెరుగులో మెత్తగా పిసికిన అన్నం, కారం లేని పప్పన్నం, ఉడికించి చిదిమిన కూరలు, ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ పాలలోనో మజ్జిగలోనో నానబెట్టి. అంతా గోరువెచ్చగానే. పొగలు కక్కే కాఫీ, టీ కొన్నాళ్లు వద్దు. ఊరగాయలు, అప్పడాలు, జంతికలు, పచ్చి వేరుశెనగలు, పులుపెక్కువైన పచ్చళ్లు గీసుకుపోతాయి. చపాతీ, మాంసం ముక్కలు ఇరుక్కుంటాయి. మద్యం, పొగాకు పూర్తిగా మానాల్సినవే, కొన్నాళ్లకు కాదు.

ఆమ్లం తగ్గించే మాత్ర, ఉదాహరణకు పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు, సాధారణంగా రోజుకు రెండుసార్లు ఇస్తారు. తిండికి అరగంట ముందు వేసుకోవాలి. నొప్పి లేదు కదా అని ఇది మానేసేవారు చాలామంది. మాత్ర నొప్పికి కాదు. ఆమ్లం తగులుతుంటే పుండు సరిగా మానదు, చోటు మళ్లీ పాత పొరతోనే నిండుతుంది.

తిన్నాక రెండు మూడు గంటలు పడుకోవద్దు. మంచం తలవైపు కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు చేస్తే మేలు, రెండు దిండ్లు పెట్టుకుంటే నడుం దగ్గర మడతపడి ఆమ్లం ఇంకా ఎగదన్నుతుంది.

నొప్పి ఎంత ఉంటుంది? ఎప్పుడు కంగారు పడాలి?

దాదాపు సగంమందికి ఏ ఇబ్బందీ ఉండదు. మిగతావారికి ఛాతీలో నొప్పి, మింగితే మంట, గొంతు నొప్పి కొద్దిరోజులు ఉంటాయి. పారాసిటమాల్ సిరప్, డాక్టరు రాస్తే లిడోకెయిన్ జెల్ సరిపోతాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అడగకుండా వేసుకోవద్దు.

ఈ కింది వాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా చూద్దామనుకోకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి: తగ్గకుండా పెరిగే ఛాతీ నొప్పి, పొట్ట బిర్రుగా ఉబ్బి నొప్పి, జ్వరం, చలి, ఆయాసం, రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, లాలాజలం కూడా మింగలేకపోవడం. మెడ దగ్గర చర్మం నొక్కితే కరకరలాడినట్టు ఉంటే గాలి బయటికి లీకవుతోందని అర్థం. అక్కడి డ్యూటీ డాక్టరుకు 'క్రయో చేశారు, ఫలానా తేదీన' అని మొదటి మాటగా చెప్పండి. లేకపోతే గ్యాస్ నొప్పని ఇంజెక్షన్ ఇచ్చి పంపేసే ప్రమాదముంది.

అన్నవాహిక సన్నబడిపోతుందని విన్నాం. నిజమేనా?

నిజమే. పైన చెప్పిన రెండు అధ్యయనాల్లోనూ దాదాపు 13 శాతం మందికి అలా జరిగింది. అయితే 2010 అధ్యయనంలో సన్నబడిన 10 మందిలో 9 మందికి అంతకుముందే ఈఎంఆర్, రేడియేషన్, ఫోటోడైనమిక్ చికిత్సల్లో ఏదో ఒకదాని వల్ల అన్నవాహిక ఇరుకై ఉంది. అదే చోట చుట్టూ ఒకేసారి చల్లడం కూడా రిస్కే.

సెషన్ తర్వాత కొన్ని వారాలకు ముద్ద దిగడం కష్టమైతే క్యాన్సర్ పెరిగిందని హడలిపోవద్దు, మానేటప్పుడు మచ్చ బిగుసుకుని ఉండొచ్చు. ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తారు, ఒకటి రెండుసార్లు పట్టొచ్చు. ద్రవాలతో సరిపెట్టుకుంటూ నెలలు గడపడం మాత్రం తప్పు. బరువు పడిపోయాక ఏ చికిత్సైనా కష్టమే.

బయాప్సీ తీస్తే, గడ్డను కదిలిస్తే క్యాన్సర్ పాకుతుందంటారు?

పాకదు. బయాప్సీ లేకుండా క్యాన్సర్ చికిత్స మొదలుపెట్టేవారి దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

చల్లటి నీళ్లు, ఐసు ముక్కలు తింటే కొంతైనా ఉపయోగం ఉంటుందా?

ఉండదు. ఐసు సున్నా డిగ్రీలు. ఇక్కడ కావాల్సింది మైనస్ 40.

క్యాన్సర్ పోయిందన్నాక మళ్లీ మళ్లీ ఎండోస్కోపీ ఎందుకు?

మొదట్లో చెప్పిన పేచీ తీరేది ఇక్కడే. తీసిన ముక్క లేదు కాబట్టి, పోయిందన్నదానికి సాక్ష్యం తర్వాతి బయాప్సీలే. తొలి ఏడాది 3 నెలలకోసారి, రెండో ఏడాది 6 నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూడటం టీ1ఏకు మామూలుగా పాటించే పద్ధతి.

కొత్తగా పెరిగిన మంచి పొర కింద చెడిన బారెట్స్ కణాలు దాక్కునే అవకాశం ఉంది. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల క్యాన్సర్ పెరుగుతుంటుంది. అందుకే 'బాగానే కనిపిస్తోంది' అని ఫోటో తీసి వదిలేస్తే సరిపోదు. పాత బారెట్స్ ప్రాంతంలో ప్రతి సెంటీమీటరుకు నాలుగు వైపుల నుంచీ, జీర్ణాశయంతో కలిసే అంచు నుంచీ ముక్కలు తీయాలి. టీ1బీ ఉన్నవారికి, కణాలు లింఫు నాళాల్లోకి చొరబడినవారికి ఎండోస్కోపీ ఒక్కటీ చాలదు, గ్రంథుల కోసం సీటీ, అల్ట్రాసౌండ్ కూడా ఉండాలి.

చికిత్స కోసం అప్పు చేసి తిరిగిన కుటుంబాలే రెండో ఏడాదికి ఎండోస్కోపీలు మానేయడం తెలిసిందే. 'మింగుడు బాగానే పడుతోంది కదా' అంటారు. తొలిదశలో మింగుడు ఎప్పుడూ బాగానే పడుతుంది. ఇబ్బంది మొదలయ్యేసరికి కణితి తొలిదశ దాటిపోయి ఉంటుంది.

తిరగబెడితే?

చిన్నగా, పైపొరలోనే ఉంటే మళ్లీ ఈఎంఆర్, ఆర్‌ఎఫ్‌ఏ, క్రయోల్లో కుదిరేది చేస్తారు. లోతుకు దిగితే ఆపరేషన్, కీమో, రేడియేషన్ గురించి సర్జన్, మెడికల్ ఆంకాలజిస్ట్, రేడియేషన్ ఆంకాలజిస్ట్ ముగ్గురూ కూర్చుని తేల్చాలి. క్రయో చేయించుకున్నంత మాత్రాన ఆ దారులేవీ మూసుకుపోవు.

ముదిరిన క్యాన్సర్‌లో వాడరా?

వాడతారు, ఉద్దేశం వేరు. నయం చేయడానికి కాదు, అడ్డుపడ్డ కణితిని కొంత కరిగించి మింగుడు సులువు చేయడానికి. స్టెంటు పెట్టడం ఇష్టం లేని, స్టెంటు నొప్పి తట్టుకోలేని కొందరికి పనికొస్తుంది. ఈ తేడా ఇంట్లోవాళ్లకు ముందే స్పష్టంగా చెప్పకపోతే ముద్ద దిగడం చూసి నయమైపోయిందనుకుంటారు.

ఖర్చు, ఇన్సూరెన్స్ సంగతి?

అమెరికాలో ఉన్నవారు చికిత్సకు ముందే ఇన్సూరెన్స్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ఎండోస్కోపీతో కణితిని నాశనం చేయడానికి వాడే బిల్లింగ్ కోడ్‌లు 43229 (అన్నవాహిక వరకే చూస్తే), 43270 (జీర్ణాశయం, చిన్నపేగు మొదలు దాకా చూస్తే). ఏది వేస్తారో ఆసుపత్రి బిల్లింగ్ విభాగాన్ని అడిగి, అదే కోడ్ చెప్పి ఇన్సూరెన్స్ వారిని అడగండి. ఒక సెషన్‌కు కాదు, నాలుగైదింటికీ, మత్తు డాక్టరు, పాథాలజీ బిల్లులకూ కలిపి అడగాలి. పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రుల విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీలు అంతకుముందే ఉన్న జబ్బుకు సాధారణంగా వర్తించవు.

మన దగ్గరైతే ముందు ఆ ఆసుపత్రిలో అన్నవాహిక క్రయో పరికరం ఉందా, ఎంత తరచుగా చేస్తున్నారు అని నేరుగా అడగండి. చర్మం మీద పులిపిర్లకు వాడే క్రయో, కాలేయంలో సూదితో చేసే క్రయో వేరు. ఫోన్‌లో 'ఉంది' అన్నవారు వాటి గురించి చెబుతుండొచ్చు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వెళ్తుంటే ఆరోగ్యమిత్రను ప్యాకేజీ పేరు కాగితం మీద చూపించమనండి. క్రయో దొరకలేదని దిగులు పడాల్సిన పని లేదు. ఈఎస్‌డీ బాగా చేసే చేతులు హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్నాయి, చాలామంది తొలిదశ రోగులకు ముందు కావాల్సింది అదే.

రెండో అభిప్రాయం కోసం వేరే ఊరు, వేరే దేశం వెళ్తే ఏం పట్టుకెళ్లాలి?

రిపోర్టు కాగితాలు చాలవు. బయాప్సీ, ఈఎంఆర్ గాజు స్లైడ్లు, వీలైతే మైనపు బ్లాకులు కూడా పాథాలజీ విభాగం నుంచి అడిగి తీసుకోండి. రశీదు రాయించుకుని ఇస్తారు. కొత్త పాథాలజిస్టు వాటిని మళ్లీ చదివితే టీ1ఏ అనుకున్నది టీ1బీ అవడం, అటుది ఇటవడం జరుగుతుంటుంది. ఎండోస్కోపీ రంగు ఫోటోలు లేదా వీడియో, సీటీ సీడీ, ప్రతి క్రయో సెషన్‌లో ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఎన్ని సెకన్లు ఎన్ని విడతలు చల్లారో రాసిన నోట్సు, మందుల జాబితా ఉండాలి. స్లైడ్లను పెట్టెలో వేసి చేతి సామానులో పెట్టుకోండి. బ్లాకులను ఎండలో, కారు డాష్‌బోర్డు మీద వదిలితే మైనం కరుగుతుంది.